కండక్టర్ అవుతానంటున్నాడు... ఆర్టీసీలో కాదు!

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకుంటున్నాడు, లండన్ ట్రినిటీ కాలేజీ పియానో పరీక్షల్లో గ్రేడ్ 5 పాసయ్యాడు. ఆదివారాలు చర్చిలో క్వయర్‌కి కీబోర్డు వాయిస్తాడు. ఏడాదిగా యూట్యూబ్‌లో క్లౌస్ మాకెలా అనే కుర్రాడి వీడియోలు చూసి, తానూ ఆర్కెస్ట్రా కండక్టర్ అవుతానంటున్నాడు. చుట్టాలకి చెబితే "ఏ డిపోలో?" అని నవ్వారు. అసలు ఇదొక ఉద్యోగమేనా? జేఈఈ కోచింగ్ మానేస్తానని గొడవ. పుట్టినరోజుకి బ్యాటన్ (కండక్టర్ చేతిలో ఊపే చిన్న కర్ర) కొనిపెట్టమని కూడా అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: మీ చుట్టాల తప్పేమీ లేదండీ. మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే పెళ్లి రిసెప్షన్‌లో పాత సినిమా పాటలు పాడే ట్రూపు. కండక్టర్ అంటే టికెట్ కొట్టే మనిషి. మ్యూజిక్ డైరెక్టర్ అంటే సినిమాకి ట్యూన్లు కట్టే ఆయన. మీవాడు చెబుతున్న లోకంలో ఈ మూడు మాటలకీ అర్థాలు వేరు. ఆర్కెస్ట్రా అంటే ఎనభై, తొంభై మంది కలిసి వాయించే పాశ్చాత్య సంగీత బృందం. కండక్టర్ అంటే వాళ్ల ముందు నిలబడి చేతులతో నడిపించే మనిషి. అక్కడ మ్యూజిక్ డైరెక్టర్ సొంతంగా ఒక్క ట్యూను కూడా కట్టక్కర్లేదు. ఆయన ఆ ఆర్కెస్ట్రాకి ముఖ్య కండక్టర్. ఏడాదంతా ఏం వాయించాలి, ఖాళీ అయిన కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలి లాంటి విషయాల్లో ఆయన మాటకి చాలా బరువుంటుంది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి జవాబు: అవును, ఉద్యోగమే. పోటీ ఎక్కువ, కుర్చీలు తక్కువ.

ముందు మీవాడు చూస్తున్న కుర్రాడి సంగతి చూద్దాం. మాకెలా 1996లో హెల్సింకీలో పుట్టాడు. 2020లో ఓస్లో ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాకి చీఫ్ కండక్టర్, మరుసటి ఏడాది ఆర్కెస్టర్ ద పారిస్‌కి మ్యూజిక్ డైరెక్టర్. 2027 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌గెబౌ, అమెరికాలోని షికాగో సింఫనీ, రెండు ఆర్కెస్ట్రాలూ అతని చేతికి వస్తున్నాయి. అదే దేశం నుంచి టార్మో పెల్టోకోస్కి అని ఇంకొకడున్నాడు, 2000లో పుట్టాడు. ఫ్రాన్స్‌లోని తులూజ్ ఆర్కెస్ట్రాతో పాటు హాంకాంగ్ ఫిల్‌హార్మోనిక్ కూడా అతని చేతికి వస్తోంది. ఇంత చిన్న వయసులో ఇంత పెద్ద బాధ్యతలా అని పెదవి విరిచే విమర్శకులూ ఉన్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉందనే నాకూ అనిపిస్తుంది. కానీ అది మీకూ మాకూ సంబంధించిన తగువు కాదు.

మనకి కావాల్సింది వేరే లెక్క. "వాడికి ఇరవై నాలుగేళ్లకి ఓస్లో వచ్చింది, నాకు పదహారే కదా, ఇంకా ఎనిమిదేళ్లుంది" అని మీవాడు అనుకుంటూ ఉంటాడు. ఈ వయసు పిల్లలు అలాగే అనుకుంటారు. మాకెలా నాన్న చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి తీగ వాద్యం) వాయిస్తారు, అమ్మ పియానిస్టు. వాడూ చెల్లో నేర్చుకున్నాడు. చిన్నప్పుడు ఫిన్లాండ్ జాతీయ ఒపేరా (పాటలతోనే నడిచే నాటకాల సంస్థ) పిల్లల బృందంలో పాడాడు. పన్నెండేళ్లకే హెల్సింకీలోని సిబేలియస్ అకాడమీ అనే సంగీత కళాశాలలో యోర్మా పనులా అనే పెద్దాయన దగ్గర కండక్టింగ్ మొదలుపెట్టాడు. అంటే ఓస్లో కుర్చీ వెనక పన్నెండేళ్ల కండక్టింగ్, దానికి ముందు ఇంటి నిండా సంగీతం ఉన్నాయి.

ఈ పనులా గారి గురించి కొంచెం చెప్పాలి. 1930లో పుట్టారు. ఫిన్లాండ్ జనాభా సుమారు 55 లక్షలు. అంత చిన్న దేశం నుంచి ఇంతమంది కండక్టర్లు ఎలా వస్తున్నారని ఎవరిని అడిగినా మొదట చెప్పే పేరు ఆయనదే. ఎసా పెక్కా సలోనెన్, సకారి ఒరామో లాంటి వాళ్లంతా ఆయన శిష్యులే. పెల్టోకోస్కి కూడా అంతే. ఆయన పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. విద్యార్థిని నిజమైన వాద్యకారుల ముందు నిలబెడతారు, వీడియో తీస్తారు, తర్వాత ఆ వీడియో చూపిస్తారు. మాటలు తక్కువ. విద్యార్థి తన చేతులు ఏం చేస్తున్నాయో తనే చూసుకుని సిగ్గుపడాలి, దిద్దుకోవాలి. పాఠాలు వింటూ అద్దం ముందు చేతులు ఊపడానికీ దీనికీ చాలా తేడా ఉంది. మీవాడు ప్రస్తుతం చేస్తున్నది ఆ అద్దం పనే అయి ఉంటుంది.

ఇంకో సంగతి మీవాడు గమనించాడో లేదో. వీళ్లెవరూ ముందు కర్ర పట్టుకున్నవాళ్లు కారు. మాకెలాది చెల్లో, పెల్టోకోస్కిది పియానో. 2009లో లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్‌ని చేపట్టి, 2026లో న్యూయార్క్‌కి మారుతున్న గుస్తావో డుడమెల్‌ది వయొలిన్. వియన్నా సింఫనీకి 2024 నుంచి చీఫ్‌గా ఉన్న పెత్ర్ పోపెల్కా అంతకు ముందు డ్రెస్డెన్ ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ వాయించేవాడు. బర్మింగ్‌హామ్‌లో భారత సంతతి కుటుంబంలో పుట్టిన అల్పేశ్ చౌహాన్ కూడా చెల్లో విద్యార్థే. మాంచెస్టర్‌లో చదువుకుని, తన ఊరి ఆర్కెస్ట్రాలోనే అసిస్టెంట్ కండక్టర్‌గా మొదలయ్యాడు. సింగపూర్ కుర్రాడు కహ్‌చున్ వాంగ్ స్కూలు బ్యాండులో ట్రంపెట్ లాంటి కార్నెట్ ఊదుతూ వచ్చాడు. 2016లో బాంబెర్గ్‌లో మాలర్ పేరిట జరిగే కండక్టింగ్ పోటీ గెలిచాడు, ఇప్పుడు మాంచెస్టర్‌లో హాలే ఆర్కెస్ట్రాకి ప్రిన్సిపల్ కండక్టర్. ఇంట్లో సంగీతం లేదని దిగులుపడే మనలాంటి వాళ్లకి మాకెలా కన్నా ఈ వాంగ్ దారి ఎక్కువ పనికొస్తుంది.

మనవాడైన జుబిన్ మెహతాని కూడా ఇక్కడ తలచుకోవాలి. 1936లో బొంబాయిలో పుట్టారు. ఇంట్లో వాళ్లు డాక్టరు చేయాలనుకుని మెడికల్ చదువులో పెట్టారు. అది వదిలేసి 1954లో, పద్దెనిమిదేళ్లకి వియన్నా వెళ్లారు. ఈ కథ చెప్పి "చూశావా, ఆయనా మానేశాడు" అని మీవాడు వాదిస్తాడు, కాసుకోండి! అయితే ఆయన నాన్న మెహ్లీ మెహతా బొంబాయి సింఫనీని నిలబెట్టిన వయొలినిస్టు. ఆర్కెస్ట్రా రిహార్సల్ ఎలా ఉంటుందో ఆయన చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగారు. గుంటూరులో ఇంటర్ చదివే పిల్లవాడికి ఆ వసతి లేదు కదా.

ఇక అసలు ఈ పని ఏమిటో చెప్తాను, ఎందుకంటే మీరు నిర్ణయం తీసుకోవాల్సింది దీన్ని బట్టే. మన కచేరీలో కండక్టర్ ఉండడు. పాడే మనిషి తొడ మీద తాళం వేస్తే, పక్కన మృదంగం, వయొలిన్ అందుకుంటాయి. నలుగురే కాబట్టి అది సాధ్యం. ఎనభై, తొంభై మంది కూర్చున్న చోట వెనక వరస ట్రంపెట్లు ముందు వయొలిన్లకి పదిహేను మీటర్ల దూరంలో ఉంటాయి. శబ్దం అంత దూరం రావడానికి సెకనులో ఇరవయ్యో వంతుకి కాస్త తక్కువ పడుతుంది. వినపడ్డాక వాయిస్తే ఆలస్యమైపోయినట్టే. చెవిని కాకుండా కంటిని నమ్మాలి, ఆ కంటికి ఒక చెయ్యి కావాలి.

బీథోవెన్ ఐదో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) మొదలు మీవాడికి తెలిసే ఉంటుంది, ఆ నాలుగు దెబ్బలు. స్కోరు, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట రాసి ఉన్న పుస్తకం, తెరిచి చూస్తే అక్కడ మొదట ఉన్నది స్వరం కాదు, చిన్న నిశ్శబ్దం. అంటే ఏ శబ్దమూ పుట్టకముందే, ఒక్క చేతి కదలికలో, ఎంత వేగం, ఎంత బలం అన్నది అందరికీ ఒకేసారి అర్థమవ్వాలి. నాలుగో స్వరం మీద ఆగమని గుర్తుంది, ఎంతసేపు ఆగాలో రాసి లేదు. అది కండక్టర్ తేల్చాలి, తేల్చింది చేత్తో చూపించాలి. ఇదంతా ఇంకా మొదటి ఐదారు సెకన్లే.

దీనికి తోడు స్కోరు చదవడం అనే తద్దినం ఒకటుంది. పేజీలో పదిహేను, ఇరవై వరసలు ఉంటాయి. వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలాకి వేరే క్లెఫ్, అంటే గీతల మీద ఏ స్వరం ఎక్కడో చెప్పే గుర్తు. బి ఫ్లాట్ క్లారినెట్‌కి కాగితం మీద సి అని రాస్తే వినపడేది బి ఫ్లాట్. ఎఫ్ హార్న్‌కి ఇంకో లెక్క. అన్నీ ఒకేసారి మనసులో వినపడాలి, ఎవరు తప్పు వాయించారో పట్టుకోవాలి. కాబట్టి మీవాడికి ఒక పరీక్ష పెట్టండి. ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే సైట్‌లో పాత స్కోర్లు ఉచితంగా దొరుకుతాయి. హేడెన్ సింఫనీ ఒకటి తీసుకుని, అందులో నెమ్మదిగా సాగే భాగంలో తీగ వాద్యాల వరసలు నాలుగూ పియానో మీద వాయించమనండి. తర్వాత కింది వరస వాయిస్తూ వయోలా వరస నోటితో పాడమనండి. రెండు నెలలు రోజుకి గంట. విసుగు లేకుండా చేశాడంటే వాడికి ఈ పని నచ్చినట్టు. వారంలో మళ్లీ యూట్యూబ్‌కి వెళ్లిపోయాడంటే వాడికి నచ్చింది కోటు, చప్పట్లు. రెండోది తప్పేం కాదు, కానీ దాని కోసం జేఈఈ మానక్కర్లేదు.

కోచింగ్ మాటకొస్తే, ఇంటర్ వదలనివ్వకండి. పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టే బ్యాచ్‌లో మాత్రం ఉంచకండి, అందులో పియానో బతకదు. రోజుకి మూడు గంటలైనా సాధన ఉండాలి. ఎంపీసీ అడ్డమేమీ కాదు. టోమాస్ గుగైస్ అని 1993లో పుట్టిన జర్మన్ కండక్టర్ ఉన్నాడు. కండక్టింగ్‌తో పాటు ఫిజిక్స్ డిగ్రీ కూడా చేశాడు. బెర్లిన్ స్టేట్ ఒపేరాలో గాయకుల రిహార్సళ్లకి పియానో వాయించే ఉద్యోగంలో చేరాడు. 2018లో ఒక ఒపేరా మొదటి ప్రదర్శనకి పెద్ద కండక్టర్ తప్పుకుంటే, ఆఖరి నిమిషంలో ఇతన్ని నిలబెట్టారు. 2023 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ఒపేరాకి జనరల్ మ్యూజిక్ డైరెక్టర్. ఆ పియానో ఉద్యోగాన్ని జర్మనీలో కొరెపెటీటర్ అంటారు. పియానో బాగా వచ్చిన పిల్లలకి ఇదే నేను చెప్పే దారి. స్టార్ అవకపోయినా నెల తిరిగేసరికి జీతం వస్తుంది.

జర్మనీలో నూరుకు పైగా ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రాలున్నాయి, ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఒపేరాలు ఊరూరా ఉన్నాయి. మన దేశంలో? ముంబైలోని ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఒక్కటే ఆ స్థాయిలో చెప్పుకోదగ్గది, అందులో కూడా విదేశీ వాద్యకారులే ఎక్కువ. హైదరాబాద్‌లో సినిమా పని ఉంది కదా అంటారు. తీగ వాద్యాల రికార్డింగు చెన్నైలోనో, బుడాపెస్ట్ లాంటి చోటో జరుగుతుంది. అక్కడ మనవాళ్లకి దొరికేది ఎక్కువగా నోట్స్ రాసిపెట్టే పని, అంటే అరేంజర్ పని. అదీ మంచి పనే, మీవాడికి రెండో దారిగా గుర్తుంచుకోండి.

ఖర్చు. జర్మనీ ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. ఫీజు లేకపోయినా వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి ఇంతకు మించి తీయడానికి వీల్లేని ఖాతా) చూపించాలి. మన డబ్బుల్లో సుమారు పన్నెండు, పదమూడు లక్షలు. ఫిన్లాండ్‌లో మన పిల్లలకి ఫీజు ఉంది. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్‌లో ట్యూషన్ ఉచితం, కానీ అక్కడ సీటు అంటే ఐఐటీ కన్నా కష్టం, అతిశయోక్తి కాదు. కండక్టింగ్‌లో ఎక్కడైనా ఏడాదికి తీసుకునేది కొద్దిమందినే. పియానో, చెవి పరీక్ష, స్కోరు చదవడం, ఎదురుగా కూర్చున్నవాళ్లని నడిపించి చూపడం, అన్నీ అడుగుతారు. జర్మన్ భాష తప్పదు. అందుకే ఈ రెండేళ్లలో పియానో గ్రేడ్ 8, థియరీ, జర్మన్ భాషలో బీ1 అనే మధ్య స్థాయి, వీటితో పాటు ఆర్కెస్ట్రాలో కూర్చుని వాయించగలిగే వాద్యం ఒకటి, చెల్లో గానీ క్లారినెట్ గానీ, మొదలుపెట్టించండి. గుంటూరులో గురువు దొరక్కపోతే ఇంటర్ అయ్యాక చెన్నై కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీలో ఏడాది ఉండటం నా ఓటు. సాటి విద్యార్థులతో కలిసి వాయించే అలవాటు ఇంట్లో కూర్చుంటే రాదు.

ఒక హెచ్చరిక, నా తప్పు ఒప్పుకుంటూ. కొన్నేళ్ల కిందట ఒకమ్మాయిని యూరప్‌లో ఫీజు కట్టి చేరే కండక్టింగ్ మాస్టర్‌క్లాస్‌కి నేనే పంపించాను. ఐదు రోజుల్లో ఆమె ఆర్కెస్ట్రా ముందు నిలబడింది నలభై నిమిషాలు. మిగతా టైమంతా వెనక కుర్చీలో. ఆ డబ్బుతో ఇక్కడ రెండేళ్లు చెల్లో నేర్చుకునేది. డిగ్రీ సీటు రాకముందు ఇలాంటి వాటికి డబ్బు కట్టకండి.

అమ్మాయి అనగానే గుర్తొచ్చింది, ఇది చదివే ఆడపిల్లల తల్లిదండ్రులు "మగవాళ్ల పని" అని పక్కన పెట్టేయకండి. హాంకాంగ్ అమ్మాయి ఎలిమ్ చాన్ 2014లో లండన్‌లో డొనాటెల్లా ఫ్లిక్ కండక్టింగ్ పోటీ గెలిచిన మొదటి మహిళ. 2020లో పారిస్‌లో మహిళా కండక్టర్ల కోసం పెట్టిన లా మాయెస్ట్రా పోటీ గెలిచింది ఇండోనేషియాకి చెందిన రెబెక్కా టాంగ్. ఆ దేశాలేమీ వియన్నా కావు.

బ్యాటన్ కొనొచ్చు, పెద్ద ఖరీదేమీ కాదు. కాకపోతే పుట్టినరోజుకి ముందు ఒక పని చేయించండి. మీ చర్చిలో ఉన్న క్వయర్ మీవాడికి దొరికిన అసలైన ఆస్తి. సొప్రానో, ఆల్టో, టెనార్, బేస్, నాలుగు గొంతుల పాట, వాయిద్యాలు లేకపోయినా మనుషులు ఉన్నారు. క్వయర్ మాస్టారిని అడిగి ఒక్క శనివారం ప్రాక్టీసులో ఒక కీర్తన మీవాడిని నడిపించనివ్వమనండి, ఒట్టి చేతులతోనే. ఫోను క్వయర్ వెనక పెట్టండి, మీవాడి ముఖం, చేతులు కనపడాలి. మర్నాడు సౌండు తీసేసి ఆ వీడియో మీరిద్దరూ కలిసి చూడండి. పాట ఎక్కడ నెమ్మదించిందో, ఆల్టోలు ఎక్కడ అందుకోవాలో శబ్దం లేకుండా మీకు తెలిసిందా లేదా అన్నది నాకు రాయండి. మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.