పరాయి భాషలో వచ్చిన పేజీని తొలగించే ముందు

చిరంజీవి చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇంగ్లీషు వికీపీడియాలో కొత్తగా వచ్చే పేజీలను పరిశీలించే బాధ్యత నీకు అప్పగించారనీ, రాత్రి భోజనాలయ్యాక నీవు గంటసేపు ఆ పని మీదే కూర్చుంటున్నావనీ మొన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నప్పుడు ఎంత గర్వపడ్డానో, ఫోను పెట్టేశాక అంత దిగులు పడ్డాను. ఇంగ్లీషులో రాసిన పేజీల మంచిచెడ్డలు నీకు నేను చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు కాని భాషల్లో వచ్చి పడే పేజీలతోనే నా దిగులంతా, ఎందుకంటే ఆ పని కొన్నేళ్లు చేసినవాణ్ని, అందులో ఒక పెద్ద తప్పు చేసినవాణ్ని.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. అదే వ్యాసం ఆ భాష వికీపీడియాలో ఇప్పటికే ఉంటే, ఇక్కడి ప్రతిని త్వరితంగా తొలగించవచ్చు. నిబంధనల్లో దాన్ని ఏ2 అంటారు. లేకపోతే, పేజీ ఇంగ్లీషులో లేదని తెలిపే మూస, అంటే పేజీ మీద తగిలించే తయారు గమనిక పెట్టి, అనువాదం కావలసిన పేజీల జాబితాలో చేర్చు. రెండు వారాల గడువు ఉంటుంది. ఆలోగా ఎవరూ అనువదించకపోతే అప్పుడు తొలగింపు సంగతి. పత్రికలో వచ్చినదాన్ని ఎత్తి రాసినట్టు తోస్తే, భాష ఏదైనా కాపీహక్కుల నియమం ఒక్కటే. యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దకుండా పేజీలో పెట్టవద్దు. నీవే అనువదిస్తే, మూలం ఏ పేజీయో దిద్దుబాటు సారాంశంలో లంకెతో సహా రాయి, మూల రచయితలకు పేరు దక్కాలన్నది వికీపీడియా లైసెన్సు షరతు. ఒకరి ఫోను నంబరో ఇంటి చిరునామాయో అందులో కనబడితే మాత్రం గడువులూ జాబితాలూ చూడకుండా, చర్చా పేజీలో నలుగురికీ తెలిసేలా రాయకుండా, అలాంటి వివరాలను మరుగుపరిచే పని చూసేవారికి ఈమెయిలులో వెంటనే తెలియజేయి.

ఇక నా తప్పు. 2009లో నేను కరీంనగర్‌లో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఈ పనికి కూర్చునేవాణ్ని. నా వాడుకరి పేజీలో నా మాతృభాష తెలుగు అని తెలిపే పెట్టె ఉండేది. తెలుగు లిపిలో ఏ పేజీ వచ్చినా దాని సంగతి నేను తేల్చగలనని అక్కడివారికి నమ్మకం, నాకు అంతకంటె ఎక్కువ నమ్మకం. ఒకనాడు తెలుగు అక్షరాల్లో పద్నాలుగు వరుసల పేజీ ఒకటి వచ్చింది. ప్రతి అక్షరం చదవగలిగాను, ఒక్క వాక్యం అర్థం కాలేదు. అడుగడుగునా ‘మావా’ అని ఉంది. ఒకచోట ‘పెర్సాపేన్’ అని ఉంది. దాని చివర నాకు పేను కనిపించింది. కుర్రాళ్లెవరో మావా, మావా అనుకుంటూ ఆకతాయితనంగా ఏదో కొట్టి పడేశారని తీర్మానించుకుని, అర్థంలేని రాత అనే మూస తగిలించి, కారణం గడిలో ‘ఇది తెలుగు కాదు, నేను తెలుగువాణ్ని’ అని ఇంగ్లీషులో రాశాను. పేజీలు తొలగించే అధికారం ఉన్న నిర్వాహకుడికి తెలుగు రాదు, నా మాట నమ్మాడు. గంటలోపే పేజీ పోయింది. రాసిన వ్యక్తి చర్చా పేజీలో ఆ మూసతో పాటు వచ్చే ఇంగ్లీషు హెచ్చరిక మాత్రం మిగిలింది.

ఆ వరుసల్లో కేస్లాపూర్ అనీ, మెస్రం అనీ కూడా ఉన్నాయమ్మా. ఆ రెండు పేర్లూ నేను చదివాను. ఆదిలాబాదు జిల్లాకు పక్క జిల్లాలోనే ఉంటూ, అవి ఎక్కడివో ఒక్క నిమిషం ఆలోచించలేదు.

2014లో ఒక మిత్రుడితో కలిసి ఆ కేస్లాపూర్‌లోనే జరిగే గోండుల నాగోబా జాతరకు వెళ్తూ, ఇంద్రవెల్లి దగ్గర టీ తాగడానికి ఆగాం. ఎదుటి గోడ మీద తెలుగు అక్షరాల్లో ‘మావా నాటే మావా రాజ్’ అని రాసి ఉంది. హోటలు అతన్ని అర్థం అడిగితే, ‘మా ఊళ్లో మా రాజ్యం, సార్’ అన్నాడు. గోండుల భాష గోండీలో మావా అంటే మా, మాది అని అర్థం; పేన్ అంటే దేవుడు. నేను ఆకతాయితనం అనుకున్నది ఒక మనిషి తన వాళ్ల గురించి, తన దేవుడి గురించి రాసుకున్న మాట. గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. మిత్రుడు ఏమైందని అడిగితే చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చాక ఒక నిర్వాహకుణ్ని అడిగితే, తొలగించిన పాఠాన్ని తీసి పంపాడు. తొలగించిన పేజీలు నిర్వాహకులకు కనిపిస్తాయి కాబట్టి అంతమాత్రమైనా సాధ్యమైంది. ఉట్నూరులో ఒక గోండు ఉపాధ్యాయుడికి చూపిస్తే ఆయన పైకి చదివి వినిపించారు: మెస్రం వంశీయులు గోదావరి నీళ్లు తీసుకుని కాలినడకన కేస్లాపూర్ చేరి, పుష్య అమావాస్యనాడు నాగోబాను ఆ నీళ్లతో అభిషేకించే వైనమంతా అందులో ఉంది. రాసిన వ్యక్తి చర్చా పేజీలో క్షమించమని తెలుగులో, ఇంగ్లీషులో రాశాను. జవాబు రాలేదు. ఆ ఖాతాతో వచ్చిన రచన అదొక్కటే.

అందుకే తల్లీ, లిపిని చూసి భాష తెలిసిందనుకోవద్దు. తెలుగు అక్షరాల్లో గోండీ వస్తుంది, కొలామీ వస్తుంది, లంబాడీ వస్తుంది, సంస్కృతం వస్తుంది. అదే గోండీని మహారాష్ట్రలో, మధ్యప్రదేశ్‌లో దేవనాగరిలో రాస్తారు. దానికి సొంత లిపులూ ఉన్నాయి. మసరాం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లో చేరాయి. 2011 జనాభా లెక్కల్లో 29 లక్షలమందికి పైగా చెప్పుకున్న భాష అది, అయినా నా కంటికి పిచ్చిరాతగా కనబడింది. నీ చేతిలో ఉన్న అనువాద యంత్రం లిపిని చూసి ‘తెలుగు’ అని ముద్ర వేసి, ఏదో ఒక ఇంగ్లీషు వాక్యం అల్లి ఇవ్వవచ్చు; ఆ వాక్యం అతుకుబొతుకుగా ఉంటే రాసినవాణ్ని కాక, యంత్రాన్నే ముందు అనుమానించు. ఇంగ్లీషు అక్షరాల్లో మన భాష రాసేవాళ్లూ ఉంటారు, అలాంటిది వస్తే ఒకసారి గొంతెత్తి చదువు, కంటికి అందనిది చెవికి అందుతుంది. అర్థంలేని రాత అనే నిబంధన ఇతర భాషల్లో ఉన్న రచనకు వర్తించదని అక్కడే రాసి ఉంది. 2009లోనూ నేను దాన్ని తెరిచి చూడవలసింది. ఊరి పేరో, ఇంటిపేరో, పండుగ పేరో ఒక్కటి పట్టుబడితే చాలు, అది ఎవరి మాటో వెతకడానికి దారి దొరుకుతుంది. నీకు తెలియనప్పుడు తెలియదని రాయి. తెలుగు వికీపీడియా రచ్చబండలో అడుగు, ఎవరో ఒకరు పలుకుతారు.

రాసినవారికి జవాబివ్వకుండా మాత్రం మూస పెట్టి వెళ్లిపోవద్దు. వాళ్ల భాషలో రెండు చిన్న వాక్యాలు, కింద అదే ఇంగ్లీషులో: మీ రచన చూశాము, ఇక్కడ ఇంగ్లీషులో రాయాలి, మీ భాషకు ఫలానా చోటు ఉంది. సొంత వికీపీడియా ఇంకా ఏర్పడని భాషలకు ఇంక్యుబేటర్ అనే చోటు ఉందని చెప్పడం మరిచిపోవద్దు. నాకు అప్పుడు ఆ మాట రాయడానికి రెండు నిమిషాలు పట్టేది.

నీకు చిన్నప్పటి నుంచీ తొందర. ఏడో తరగతిలో లెక్కల పరీక్ష అందరికంటె ముందు రాసేసి, వెనక పేజీ తిప్పకుండానే కాగితం ఇచ్చి వచ్చావు. ఆనాడు మీ అమ్మ తిడుతుంటే నేను వెనకేసుకొచ్చాను. ఇప్పుడు మాత్రం నేనే గట్టిగా చెబుతున్నాను: ఒక రాత్రికి ఇన్ని పేజీలు చూశానని లెక్క పెట్టుకోవద్దు. నిద్ర ముంచుకొస్తుంటే, అర్థంకాని లిపిలో ఉన్న పేజీని మరునాటికి వదిలేయి. కళ్లు కూడా జాగ్రత్త, దీపం ఆర్పేసి తెర ముందు కూర్చుంటున్నావట.

ఆ పద్నాలుగు వరుసల కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. దాని నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వచ్చే పుష్య అమావాస్యకు సెలవు దొరికితే రా, కేస్లాపూర్ వెళ్దాం. రాసిన ఆ వ్యక్తి గురించి మెస్రం పెద్దలను అడిగి చూడాలని ఉంది. బస్సు వివరాలు మీ అమ్మకు చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న