ఆక్టేవియా ఆర్‌ఎస్ ముందు బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు ఇంటి దగ్గర మార్చుకోవచ్చా?

శ్రీకాకుళం నుంచి మీరు అడిగినవి రెండు ప్రశ్నలు: స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారుకు ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అరిగిపోతే, అవి నొక్కి పట్టే డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు) కూడా మార్చాలా, ఆ పని ఇంటి దగ్గరే చేసుకోవచ్చా అని. విజయనగరంలో మా ఇంటి వాకిట్లో అదే కారుకు ఈ పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి చేసిన పొరపాటు వల్లనే రెండోసారి చేయవలసి వచ్చింది కనుక ఆ సంగతే ఎక్కువగా రాస్తున్నాను.

డిస్కు మార్చాలా వద్దా అన్నది కంటితో చూసి తేల్చేది కాదు. ఎంత మందం వరకు అరగవచ్చో డిస్కు మీదనే మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది. ప్యాడు రాసుకునే చోట మైక్రోమీటరుతో కొలవండి; వెర్నియరుతో కొలిస్తే అంచున అరగకుండా మిగిలిన గట్టు అడ్డుపడి మందం ఎక్కువగా చూపిస్తుంది. కొలత ఆ అంకెకు దగ్గర పడి ఉంటే, కొత్త ప్యాడ్లు అరిగేలోగా దాని కిందికి దిగిపోతుంది కాబట్టి, రెండు వైపులా డిస్కులు మార్చడమే మంచిది.

ఇక నా పొరపాటు. మన జిల్లాల తేమగాలికి డిస్కు వెనక హబ్బు (డిస్కు, చక్రం బిగించే ఇరుసు భాగం) ముఖం మీద తుప్పు పొరలుగా పేరుకుంటుంది. నేను దానిని గుడ్డతో తుడిచి, కొత్త డిస్కు బిగించేశాను. మొదటి రోజున ఏ తేడా తెలియలేదు. కొన్ని నెలల తరువాత అరకు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా శృంగవరపుకోటకు దిగుతుండగా, బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణకసాగింది. వేడికి డిస్కులు వంగిపోయాయని అడిగిన ప్రతివారూ అన్నారు. మా మావయ్య గారి లేతు షాపు నుంచి డయల్ గేజ్ (సన్నని ఊగిసలాటను కొలిచే ముల్లు పరికరం) తెచ్చి, డిస్కును వాషర్లు వేసిన చక్రం బోల్టులతో బిగించి, గేజ్‌ను బయటి అంచుకు కొంచెం లోపలగా పెట్టి డిస్కును తిప్పి చూస్తే 0.12 మి.మీ. ఊగుతోంది. అది 0.05 లోపు ఉండాలి. హబ్బు మీద మిగిలిన సన్నని తుప్పు పెచ్చు డిస్కును ఒక పక్కకు ఒరిగించింది. బ్రేకు తొక్కకపోయినా తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడుకు రాసుకుని, ఆ భాగం పలచబడింది. వణుకు ఆలస్యంగా మొదలు కావడానికి కారణం అదే. అప్పటికి డిస్కులు పాడయ్యాయి కనుక మళ్లీ కొన్నాను. ఈసారి హబ్బును వైర్ బ్రష్‌తో, గరుకు కాగితంతో మెరిసే లోహం కనబడేవరకు రుద్దాను, ఒక్కొక్క వైపుకు అరగంట పట్టింది. గేజ్ 0.03 చూపించింది. ఈ అరగంటే మొత్తం పనిలో ముఖ్యమైనదని నా నమ్మకం.

మిగిలిన పని కష్టమైనది కాదు గాని, ప్రాణాలతో ముడిపడినది. మట్టి నేల మీద చేయకండి, స్టాండ్లు దిగబడతాయి. గట్టి సిమెంటు నేల మీద, జాక్ స్టాండ్లు పెట్టిన తరువాతే చేయి లోపల పెట్టండి. డిస్కును పట్టి ఉంచే టీ30 (నక్షత్రం ఆకారపు తల) స్క్రూ తుప్పుకు పట్టేసి ఉంటుంది, ముందు రోజే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచితే తల చెడకుండా వస్తుంది. ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే క్యాలిపర్‌ను విప్పాక రబ్బరు గొట్టానికి వేలాడనివ్వక, తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. కొత్త ప్యాడ్లు పట్టడానికి క్యాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కు నెట్టేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పెరుగుతుంది, పొంగి పడితే కారు రంగును తినేస్తుంది కనుక చూసుకుంటూ నెమ్మదిగా నెట్టాలి. కొత్త డిస్కు మీది నూనె పూతను బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా కడగాలి. చక్రం బోల్టులను ఎదురెదురుగా, టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) 120 న్యూటన్ మీటర్లకు బిగించండి. బండి కదపక ముందు పెడల్ గట్టిపడేవరకు తొక్కడం మరవకండి. పిస్టన్లు వెనక్కు వెళ్లి ఉన్నందున మొదటి తొక్కుకు బ్రేకు పట్టదు.

తరువాత కొత్త ప్యాడ్లు, డిస్కులు ఒకదానికొకటి కుదురుకోవడానికి, తెల్లవారుజామున ఖాళీ రహదారి మీద, వెనక ఎవరూ లేనప్పుడు, గంటకు 80 నుంచి 30 కి.మీ. వరకు ఎనిమిది పది సార్లు వేగం తగ్గించండి, పూర్తిగా ఆపకండి. ఆ పైన బ్రేకు వాడకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కి నిలబడితే ప్యాడు ముద్ర డిస్కు మీద అంటుకుపోయి, మళ్లీ వణుకు తెస్తుంది.

వెనక చక్రాల జోలికి మాత్రం ఇదే ధైర్యంతో వెళ్లకండి. హ్యాండ్ బ్రేక్ క్యాలిపర్‌లోనే ఇమిడి ఉన్న చోట పిస్టన్‌ను తిప్పుతూ నెట్టే పరికరం కావాలి. ఊరికే నొక్కితే లోపలి మర పాడవుతుంది.