ఐర్లండ్ పల్లెల్లో సామెతలు ఇంకా నోటి మీద ఉన్నాయా?

డబ్లిన్ షాపుల్లో మగ్గుల మీద అచ్చేసి అమ్మే సామెతలు ఊళ్ళల్లో ఎవరైనా నిజంగా అంటారా అని అడిగారు. సామెతలు అంటారు గానీ, ఆ మగ్గుల మీదవి నేనైతే వినలేదు. నేను క్లేర్ కౌంటీలో ఒక నర్సింగ్ హోంలో కేర్ అసిస్టెంట్‌ని. మా దగ్గరున్న పెద్దవాళ్ళలో చాలామంది ఆవుల్ని మేపి బతికినవాళ్ళే. వీళ్ళు సామెతను పూర్తిగా చెప్పరు. సగం అని ఊరుకుంటారు.

ఒకాయన కూతురు ఫోన్లో వచ్చే నెల తప్పకుండా వస్తానంది. ఆయన ఫోన్ పక్కన పెట్టి, టీ కలుపుకుంటూ "లివ్ హార్స్" అన్నాడు, అంతే. పక్క కుర్చీలో ఆవిడ కిసుక్కున నవ్వింది. నేను తెల్లమొహం వేస్తే మిగతాది ఆవిడే పూర్తిచేసింది: బతికుండవే గుర్రమా, గడ్డి దొరుకుతుందిలే!

మాటలు ఎక్కువగా ఇంగ్లీషులోనే, కానీ చాలావాటి మూలం ఐరిష్. "గాలి వీచే రోజు పుల్లల రోజు కాదు" అనేది అలాంటిదే. ఇంటి కప్పు మీద గడ్డి ఎగిరిపోకుండా సన్నటి హేజెల్ పుల్లల్ని మధ్యకు మెలితిప్పి వంచి గుచ్చుతారు. ఆ పుల్లలు ముందే కోసి పెట్టుకోవాలి. మన "ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు"కి తోబుట్టువన్నమాట. తుఫాను హెచ్చరిక వచ్చాక టార్చి బ్యాటరీల కోసం సొరుగులన్నీ లాగుతున్న మావాడి మీద ఇది పడింది.

వాతావరణం మాటలైతే లెక్కే లేదు. ఏప్రిల్ మొదట్లో వడగళ్ళు పడితే "చారల ఆవు రోజులు" అంటారు. మార్చి నన్నేం చేయలేకపోయిందని ఒక ఆవు విర్రవీగిందట. మార్చికి ఒళ్ళు మండి, ఏప్రిల్ దగ్గర మూడు రోజులు అప్పు తెచ్చుకుని మరీ దాన్ని చంపేసిందట. నవ్వొచ్చే కథే, కానీ దాచుకున్న మేత అడుగంటి, కొత్త గడ్డి ఇంకా రాని రోజులు కదా అవి. రైతుకు అది బాగా తెలుసు.

"దూరపు కొండలు నునుపు" వీళ్ళకీ ఉంది, కాకపోతే ఇక్కడి కొండలు పచ్చగా ఉంటాయి.

మీకు ఇంకా కావాలంటే డూకస్ వెబ్‌సైట్ చూడండి. 1937–39లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ బడిపిల్లల చేత ఊళ్ళో పెద్దల్ని అడిగించి రాయించిన నోటుబుక్కులు అందులో ఉన్నాయి. కౌంటీ పేరు, బడి పేరు పట్టుకుని వెతకొచ్చు. సామెతలు, వాతావరణం మాటలు విడివిడి శీర్షికల కింద దొరుకుతాయి. ఐరిష్ రాకపోయినా ఫర్వాలేదు, ఇంగ్లీషులో రాసినవి బోలెడున్నాయి.