మీ ప్రశ్నలు, మా జవాబులు: పిల్లల గొంతు ప్రసారమయ్యే ముందు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాల. నవంబరు 14న ప్రసారం చేయడానికి బాలల హక్కులపై అరగంట కార్యక్రమం తయారుచేయమని స్థానిక కేబుల్ చానల్ వారు అడిగారు. దాన్నే మాటల వరకు రేడియోకు కూడా పంపాలనుకుంటున్నాము. ప్రధానోపాధ్యాయులు ప్రసంగాలు రాయించి ఎనిమిది మంది పిల్లల చేత కంఠస్థం చేయిస్తున్నారు. ఇంతలో తొమ్మిదో తరగతి బాలిక ఒకతె, పదహారేళ్ల తన అక్కకు పెళ్లి నిశ్చయమైందని, తాను ఆ సంగతే మాట్లాడతానని పట్టుబడుతోంది. మాట్లాడనివ్వవచ్చునా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ముందు ఆ అక్క సంగతి చూడండి, కార్యక్రమం తరువాత. పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి జరిపించడం 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం. మీరు ఇప్పటికే పిల్లల సహాయవాణి 1098కు ఫోను చేసి ఉంటారని ఆశిస్తున్నాము. చేయకపోతే ఈ జవాబు పూర్తిగా చదవక ముందే చేయండి. అది పెద్దలు చేయవలసిన పని, మైకు ముందు నిలబెట్టి ఆ చిన్నపిల్ల చేత చేయించవలసినది కాదు.

ఇక ప్రసారం మాట. వివాహ వయసు రాకముందే పెళ్లి జరిగిపోయే ప్రమాదంలో ఉన్న బిడ్డను 2015 నాటి బాల న్యాయ చట్టం సంరక్షణ అవసరమైన బిడ్డగా లెక్కిస్తుంది. అలాంటి బిడ్డ పేరు, చిరునామా, చదివే బడి, ఆనవాలు పట్టిచ్చే మరే వివరమూ పత్రికలలో గానీ ప్రసారాలలో గానీ రాకూడదని అదే చట్టంలోని 74వ సెక్షను చెబుతోంది. ఉల్లంఘించినవారికి ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ముఖం మసకగా చూపిస్తామని చానల్ వారు అనవచ్చు, రేడియోలో అసలు ముఖమే కనబడదు కదా అని మీకూ తోచవచ్చు. కానీ ఊళ్లో మనిషిని పోల్చుకోవడానికి గొంతు చాలు. గొంతు మార్చినా, నాన్న గుజరాత్ తీరంలో చేపల వేటకు వెళ్లాడని, అక్క కుట్టుపని నేర్చుకుంటోందని రెండు ముక్కలు దొర్లితే ఫలానా వారింటి పిల్లేనని సాయంత్రానికల్లా రచ్చబండ దగ్గర తేల్చేస్తారు.

అలాగని ఆ బాలిక నోరు మూయించకండి. పేర్లు, ఊరు, ఇంటి సంగతులు అన్నీ కల్పించి పిల్లలంతా కలిసి పది నిమిషాల శ్రవ్య నాటిక రాయవచ్చు. రచనలో ఆమెకు చెయ్యి ఉండాలి, గొంతు మాత్రం వేరొకరిది కావాలి.

ప్రసంగాల విషయంలో మీ ప్రధానోపాధ్యాయులతో మేము ఏకీభవించలేము. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన, మన దేశం 1992 డిసెంబరు 11న అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాలలో తమ అభిప్రాయం చెప్పుకొనే హక్కును పిల్లలకు ఇచ్చింది. ఆ హక్కు తనకు ఉందని ఇంకొకరు రాసిచ్చిన వాక్యాన్ని ఒక పిల్లవాడు తడుముకోకుండా అప్పజెబుతుంటే పెద్దలకు ముచ్చటగానే ఉంటుంది. ఆ హక్కు మాత్రం అక్కడ అమలు కావడం లేదు. ఏ విషయం మీద చేద్దామని ముందు పిల్లలనే అడగండి. ఉద్దానంలో ఇంటి పెద్దకు మూత్రపిండాల జబ్బు వచ్చి డయాలసిస్‌కు తోడు వెళ్లడానికి బడి మానే పిల్లవాడు ఉంటాడు; మరుగుదొడ్డికి తలుపు లేదని ఒక అమ్మాయి చెబుతుంది. పంచాయతీ కార్యదర్శిని వారే ప్రశ్నలు అడగాలి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో వారే కూర్చుని తేల్చాలి. పిల్లలు తమ యాసలో ‘ఏటి’ అన్నచోట ‘ఏమిటి’ అని దిద్దకండి. సవర గిరిజనులకు వారి భాషలోనే చదువు అందాలని సవర నేర్చుకుని వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా మీది.

రికార్డింగుకు మంచి ఫోను సరిపోతుంది. ఫ్యాను ఆపి, నోటికి జానెడు దూరంలో పట్టుకోవాలి. సముద్రపు గాలి తగిలేచోట చేస్తే మాట కంటే హోరే ఎక్కువ వినబడుతుంది. పిల్లల అంగీకారం, తల్లిదండ్రుల అంగీకారం రెండూ తీసుకోండి. ప్రసారానికి ముందు పిల్లలకు మొత్తం వినిపించి, తన మాట తీసేయమని ఎవరైనా అంటే కారణం అడగకుండా తీసేయండి. యూట్యూబులో పెడతారో లేదో చానల్ వారి దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది, ఎందుకంటే కేబుల్ ప్రసారం ఆ పూటతో పోతుంది గానీ యూట్యూబులోది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నవంబరు 14కు అందకపోయినా కంగారు లేదు. యునిసెఫ్ 1992లో ప్రారంభించిన అంతర్జాతీయ బాలల ప్రసార దినోత్సవం 2009 నుంచి మార్చి మొదటి ఆదివారం జరుగుతోంది.

ప్రశ్న: ఒక టీవీ ధారావాహికలో నటించడానికి తొమ్మిదేళ్ల మా బాబును అడుగుతున్నారు. మా బావగారు తెచ్చిన అవకాశం ఇది, నాకూ ఇష్టమే. దీనికి నిబంధనలు ఏమైనా ఉన్నాయా?
– ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: ఉన్నాయి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం బాలనటులకు మినహాయింపు ఇచ్చినా, 2017 నాటి నియమాలు హద్దులు పెట్టాయి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా వరుసగా మూడు గంటలు దాటకూడదు. షూటింగు జరిగే జిల్లా మేజిస్ట్రేటు అనుమతిని నిర్మాత తీసుకోవాలి; సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో బాబు పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పిల్లల ఇష్టానికి వ్యతిరేకంగా నటింపజేయకూడదని కూడా అవే నియమాలు అంటున్నాయి. మీ ఉత్తరంలో మీ ఇష్టం ఉంది, మీ బావగారి ప్రయత్నం ఉంది. బాబు ఏమన్నాడో రాయలేదు.