క్యాన్సర్ తర్వాత పెట్టిన రొమ్ము ఇంప్లాంట్ గట్టిపడితే మళ్లీ ఆపరేషన్ చేయించుకోవచ్చా?

మీ అక్కగారికి నాలుగేళ్ల కిందట క్యాన్సర్‌కి రొమ్ము తీసేసి, అదే చోట సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారనీ, తర్వాత రేడియేషన్ ఇచ్చారనీ రాశారు. ఇప్పుడది రాయిలా గట్టిపడి పైకి లాగేసిందని, చెయ్యి ఎత్తితే నొప్పి అని, ఇంట్లోవాళ్లేమో "ఈ వయసులో మళ్లీ కోత ఎందుకు" అంటున్నారని బాధపడ్డారు. మీది కందుకూరు, నాది కావలి. నాకూ ఇదే జరిగింది. రెండో ఆపరేషన్ చెన్నైలో చేయించుకున్నాను. మా అత్తగారు కూడా "ప్రాణం దక్కింది, ఇంకెందుకమ్మే ఇదంతా" అన్నారు. ఆమెది ప్రేమే. కానీ రాత్రిళ్లు ఆ పక్కకి ఒత్తిగిలలేనిది నేను కదా.

ఇది సోకు కోసం చేయించుకునే ఆపరేషన్ కాదని ముందు ఇంట్లో గట్టిగా చెప్పండి. ఒంట్లో బయటి వస్తువు పెడితే శరీరం దాని చుట్టూ ఒక పొర కడుతుంది. కొందరిలో ఆ పొర మందమై, బిగుసుకుని ఇంప్లాంట్‌ని నొక్కేస్తుంది. డాక్టర్లు దీన్ని క్యాప్సులర్ కాంట్రాక్చర్ అంటారు. నాలుగు గ్రేడులుంటాయి. ఆకారం మారితే మూడోది, నొప్పి కూడా తోడైతే నాలుగోది. రేడియేషన్ తగిలిన చోట ఇది మరీ ఎక్కువగా వస్తుంది. నొప్పి మాత్రలతో ఆ పొర కరగదు.

అయితే గట్టిపడిందంటే కారణం ఇదేనని మీరే అనుకోకండి. మొదట క్యాన్సర్ డాక్టరు దగ్గరికే వెళ్లి, జబ్బు తిరగబెట్టలేదని పరీక్షలతో తేల్చుకోండి. ఏళ్ల తర్వాత ఇంప్లాంట్ చుట్టూ ఉన్నట్టుండి నీరు చేరి వాచితే ఆ నీటిని పరీక్షకి పంపాల్సిందే. గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ చాలా అరుదుగా ఒక రకం లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) వస్తుందని తేలి, 2019లో అలెర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఏ ఇబ్బందీ లేనివాళ్లు భయపడి తీయించుకోనక్కర్లేదు. కానీ అక్కకి పెట్టింది ఏ కంపెనీదో, ఏ రకమో తెలియాలి. మొదటి ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన ఇంప్లాంట్ కార్డు గానీ, కేస్ షీటులో అంటించిన స్టిక్కరు గానీ వెతకండి. దొరక్కపోతే ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి.

ఇక అసలు విషయం. పాతది తీసి కొత్త ఇంప్లాంట్ పెట్టడం చిన్న ఆపరేషన్, ఇంటికి త్వరగా వచ్చేస్తారు. కానీ రేడియేషన్ తగిలిన చర్మం కింద మళ్లీ ఇంప్లాంట్ పెడితే అదీ గట్టిపడే ప్రమాదం ఎక్కువ. నాకు సర్జన్ ఇది సూటిగా చెప్పారు. అందుకే పొర, ఇంప్లాంట్ రెండూ తీసేసి, పొత్తికడుపు నుంచి చర్మం, కొవ్వు రక్తనాళాలతో సహా తెచ్చి, ఛాతీలోని నాళాలకి మైక్రోస్కోపు కింద కలిపారు. దీన్ని డీప్ ఫ్లాప్ అంటారు. పొట్ట కండరం తీయరు. సిజేరియనో, కుటుంబ నియంత్రణ ఆపరేషనో అయినంత మాత్రాన కుదరదని కాదు, సీటీ స్కాన్‌లో పొట్ట నాళాలు చూసి చెబుతారు. పొట్ట పనికిరాకపోతే వీపు కండ తెచ్చే పద్ధతి ఉంది. డీప్ ఫ్లాప్‌కి చాలా గంటలు పడుతుంది. కలిపిన నాళంలో రక్తం గడ్డకడితే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాలి, అరుదుగా తెచ్చిపెట్టిన భాగం మొత్తం పోవచ్చు కూడా. అందుకే మొదటి రాత్రి నర్సు గంటగంటకీ వచ్చి రక్తం ఆడుతోందో లేదో చూసేది. ఇలాంటివి తరచుగా చేసే ప్లాస్టిక్ సర్జన్నే వెతకండి. మనకి చెన్నై, వెల్లూరు సీఎంసీ అందుబాటులో ఉన్నాయి. "ఫ్లాప్‌లు మీరే చేస్తారా, ఏడాదికి ఎన్ని చేస్తారు" అని మొహమాటం లేకుండా అడగండి. షుగర్ ఉంటే ముందే అదుపులోకి తెచ్చుకోవాలి, లేకపోతే గాయం మానదు. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే టామాక్సిఫెన్ మాత్రలు వాడుతుంటే సర్జన్‌కి తప్పక చెప్పండి, రక్తాన్ని గడ్డకట్టించే గుణం దానికి ఉంది. ఎప్పుడు ఆపాలో డాక్టర్లే చెప్పాలి, సొంతంగా ఆపొద్దు.

ఇంటికొచ్చాక మొదట్లో నడుం వంచుకునే నడిచాను. పొట్ట మీద కోత ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంటుంది. లంగా నాడా సరిగ్గా దాని మీదే పడి ఒరుసుకునేది, చాలాకాలం నైటీలతోనే గడిపాను. బిందె ఎత్తడం, పిండి రుబ్బడం ఆరు వారాలు వద్దన్నారు. అప్పుడు ఇంట్లో ఇంకో మనిషి ఉండాల్సిందే, మీరు ఉండగలిగితే ఉండండి. ఆ చోట స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. తర్వాత పైన పల్లంగా ఉన్న చోట తొడ కొవ్వు ఎక్కించారు. అందులో కొంత కరిగిపోతుంది, ఒక్కోసారి మళ్లీ ఎక్కించాలి. కానీ నొప్పి పోయింది. ఇప్పుడు ఆ పక్కకి తిరిగి పడుకుంటున్నాను.

డబ్బు సంగతి. మా ఇన్సూరెన్స్ వాళ్లు మొదట "కాస్మెటిక్" అని తిప్పికొట్టారు. మన దేశంలో ఆరోగ్య పాలసీల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలకి డబ్బు ఇవ్వరన్న షరతు ఉన్నా, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి అది వర్తించదని ఆ షరతులోనే రాసి ఉంటుంది. సర్జన్ చేత క్యాన్సర్ చరిత్ర, గ్రేడు, నొప్పి అన్నీ రాయించిన లెటర్ పెట్టాక మాది ఒప్పుకున్నారు. ప్రభుత్వ కార్డు మీద అయితే చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రని అడిగి తేల్చుకోండి.

ఇవన్నీ అక్కకి చెప్పి, ఆమెకేం కావాలో ఆమెనే అడగండి. ఇంత పెద్ద ఆపరేషన్ వద్దు, ఇంప్లాంట్ తీసేసి చదునుగా ఉంచేస్తే చాలు అని ఆమె అంటే అదీ సరైన వైద్యమే, ఎవరూ తక్కువ చేసి మాట్లాడొద్దు. అప్పుడు కూడా చర్మం ముడతలు మిగలకుండా నున్నగా కుట్టమని సర్జన్‌కి ముందే చెప్పాలి.