పత్తర్‌గట్టీ ఒక్కటి చాలు

చిరంజీవికి,

మూసీ వరద తర్వాతి హైదరాబాద్ మీద పీహెచ్‌డీ చేస్తానన్నావు. సంతోషమే. కానీ 'హైదరాబాద్ నగరాభివృద్ధి' అని పేరు పెట్టావంటే ఏళ్లు గడిచినా తెమలదు. పత్తర్‌గట్టీ తీసుకో. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చార్మినార్ దారి పొడవునా కట్టించిన రాతి కమానుల బజారు అది. అంతకుముందు ఆ జాగా ఎవరిది? నష్టపరిహారం ఎవరి చేతికందింది? కొత్త దుకాణం అద్దె కట్టుకోగలిగి తిరిగొచ్చినవాళ్లెవరు? ఈ మూడింటితోనే థీసిస్ నిండుతుంది.

తేదీల దగ్గర కాస్త ఒళ్లు దగ్గరపెట్టుకో. నిజాం దఫ్తరాల్లో వాడిన ఫస్లీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల ఏడాది, అక్టోబరు 6న మొదలయ్యేది. 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుందని అందరూ చెబుతారు. అది డిసెంబరు దాకానే. జనవరి నుంచి 591 కలపాలి. వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న, అంటే ఫస్లీ 1317 చివరి నెల ఆబాన్‌లో. గుడ్డిగా 590 కలిపావో, బాధితులకిచ్చిన సాయం తాలూకు మిసిల్ (దఫ్తరు ఫైలు) వరద కంటే ఏడాది ముందే పుట్టినట్టు తేలుతుంది. నెల పేరు కూడా రాసుకోకపోతే తర్వాత దిద్దుకునే దారే ఉండదు.

జనాభా లెక్కలూ అంతే. 1911లో ఊరి జనం 5 లక్షలు, 1921కి 4 లక్షల చిల్లర. ప్లేగు, 1918 ఇన్‌ఫ్లుయెంజా అని కారణం రాసేయడం తేలిక. రెండుసార్లూ ఊరి హద్దు ఒకటేనా అన్నది ముందు చూడు. బ్రిటిష్ రెసిడెంటు అధీనంలో ఉన్న రెసిడెన్సీ బజార్లు 1933 దాకా నిజాం చేతిలో లేవు. హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు కలిసింది 1960లో. పట్టిక కింద సన్నక్షరాల్లో ఉండే వివరణ చదవకుండా అంకె ఎత్తిరాయకు.

ఈ మిసిళ్లు ఉర్దూలో ఉంటాయి, అది రాకుండా ఈ పనిలోకి దిగొద్దు. అచ్చు పుస్తకం కొన్ని నెలల్లో చదవగలుగుతావు. గుమాస్తాల షికస్తా, అంటే వేగంగా గీకేసే చేతిరాత, వేరే సంగతి: చుక్కలు మింగేస్తారు, విడివిడిగా ఉండాల్సిన అక్షరాలు గొలుసుకట్టేస్తారు. ఒకే గుమాస్తా రాసిన మిసిళ్లు వరసగా చదివితే ఆ రాత కంటికి అలవాటవుతుంది. ఇంకా వెనక్కి, 1884కు ముందుకు వెళితే ఫార్సీ కావాలి. అది నీ అంశానికి అక్కర్లేదు, ప్రస్తుతానికి వదిలెయ్.

తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లేటప్పుడు గైడు ఉత్తరం, గుర్తింపు కార్డు పట్టుకెళ్లు. ఏ కాగితం చూసినా ఇన్‌స్టాల్‌మెంట్, లిస్టు, సీరియల్, మిసిల్ నంబర్లు నాలుగూ అప్పటికప్పుడే నోట్సులో ఎక్కించు. ఒక్కటి తగ్గినా ఆ కట్ట మళ్లీ దొరకదు, ఫుట్‌నోటు గాల్లో వేలాడుతుంది.

ఉద్యోగం సంగతి అడిగావు. నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) పాసవ్వాలి, ఖాళీలు పడేదాకా ఓపిక పట్టాలి. అందులోనే జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే ఆర్కైవ్స్ రోజులకు డబ్బు సమస్య తీరుతుంది, కాబట్టి ఆ పరీక్షే ముందు రాయి. పాఠాలు చెప్పడం మొదలయ్యాక సెమిస్టరు మధ్యలో మిసిళ్లు చదవడం కుదరదు. వాటిని సెలవులకు పెట్టుకుని, తరగతులున్న రోజుల్లో రాతపని చేసుకో.

మొదటి అధ్యాయం ఇప్పుడే వద్దు. వరద తర్వాత లియొనార్డ్ మన్ చేసిన మునిసిపల్ సర్వే పటాల్లో పత్తర్‌గట్టీ ఉన్న షీట్లు వెతుకు. వాటి మీద నేటి దుకాణాల వరస గీసి, ఆ కాగితం నాకు పంపు.