సంతకానికి ముందు నాకో ఫోన్ చెయ్యి

కావలి

చిరంజీవి అమ్మణ్ణికి మామయ్య ఆశీస్సులు.

డీటీపీ ఉద్యోగం మానేసి పిల్లలకు బొమ్మల కథలు వేస్తావని, స్టేజీ ఎక్కి నవ్విస్తావని మీ అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. నాకు నవ్వొచ్చింది. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా రాజీనామా ఇవ్వడం ఏం పద్ధతి? సరే, ఇచ్చేశావు.

సదరం సర్టిఫికెట్, అదే వైకల్య ధ్రువపత్రం, తీసిపెట్టుకో. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో నీకున్న ఆటిజం కూడా ఉంది, మొహమాటం దేనికి? బొమ్మల ఫైళ్లు రెండు చోట్ల దాచు. వేళకి తిను.

అసలు సంగతి ఇది. మా గురువుగారు పగలు సినిమా బ్యానర్లు రాసి, రాత్రిపూట పిల్లల కథలకు బొమ్మలేసేవారు. మద్రాసు నుంచి ఒక ప్రచురణకర్త "ముందు బొమ్మలు పంపండి, మిగతాది తర్వాత చూద్దాం" అని కార్డు రాశాడు. ఆయన ఇండియన్ ఇంకుతో వేసిన ఒరిజినళ్లే రిజిస్టర్ పోస్టులో పంపేశారు. ఒక మనియార్డరు వచ్చింది, అంతే. కొన్నేళ్లకు రైల్వే స్టేషన్ స్టాల్లో అదే పుస్తకం కొత్త అట్టతో కనబడింది. ప్రతి బొమ్మలోనూ ఏ ఆకు చివరో, కుండ అంచునో ఆయన దాచిన పొడి అక్షరాలు చెరిపేసి ఉన్నాయి. ఉత్తరం రాస్తే "డబ్బిచ్చాం కదా" అని జవాబు. ఆ పుస్తకం డబ్బు పెట్టి కొనుక్కుని, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, చెరిపిన చోటల్లా సన్నకుంచెతో మళ్లీ రాసుకున్నారు. పక్కన కూర్చుని చూడటం తప్ప నేనేం చెయ్యగలను?

చట్టం మనకు చుట్టమేం కాదమ్మా. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు వేయించుకున్నవాడిదే అంటుంది 1957 కాపీరైట్ చట్టం. నువ్వు హక్కు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే అని కూడా అందులోనే ఉంది. అందుకే ప్రచురణకర్తలిచ్చే ఒప్పంద కాగితంలో 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న మాటలున్నాయేమో వెతుకు. హక్కులు అమ్మేసినా, బొమ్మ నాదని చెప్పుకునే హక్కు నీదే. డబ్బు చేతికొచ్చేదాకా లేయర్లున్న ఫైలు, అంటే ఎవరైనా మార్చుకోగలిగే అసలు ఫైలు, ఎవరికీ ఇవ్వకు, చిన్న సైజు కాపీ చూపించు చాలు.

నీకు కాగితం అవసరం ఇంకా ఎక్కువ. ఎవరైనా "చూద్దాంలే" అంటే నిజంగా చూస్తారనుకుంటావు. చిన్నప్పుడు కందుకూరులో మా వియ్యాలవారు "మళ్లీ రండమ్మా" అన్నారని మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చున్నావు. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. నువ్వు వాళ్లన్న మాటే కదా విన్నావు!

ఆ ముక్క స్టేజీ మీద చెప్పు, బాగా పేలుతుంది. కానీ నవ్వు వియ్యాలవారి మీదికి పోవాలి, నీ మీదికి కాదు. ఆస్ట్రేలియా కమెడియన్ హన్నా గ్యాడ్స్‌బీకి కూడా ఆటిజమే. తనను తాను కించపరచుకుని నవ్వించడం ఇక మానేస్తానని స్టేజీ మీదే చెప్పిన మనిషి. నిన్ను "పాపం" అని పరిచయం చేసే నిర్వాహకుడి దగ్గరికి రెండోసారి పోవద్దు.

మైకు కీచుమంటే నువ్వు చెవులు మూసుకుంటావని నాకు తెలుసు. జనం రాకముందే వెళ్లి ఖాళీ హాల్లో సౌండు, లైట్లు చూసుకో. తగ్గించమని అడుగు. అడిగితే పోయేదేముంది?

ఎవరు అగ్రిమెంటు ఇచ్చినా సంతకానికి ముందు వాట్సాప్‌లో ఫోటో పంపు, మా కిందింటి లాయరుగారికి చూపిస్తా. నెల్లూరు పురమందిరంలో షో పెడితే టికెట్ కొనుక్కునే వస్తా. జోకు అర్థం కాకపోతే మాత్రం నవ్వను, ముందే చెబుతున్నా.

మీ మామయ్య